ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. సీటు వచ్చింది, క్యాంపస్ హాస్టల్లో ఉండాలా, బయట ఉండాలా?

చెల్లీ, నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నా క్లాసులో కూర్చునే పిల్లల వయసే నీది.

నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. వనపర్తి దగ్గర పల్లె, డిగ్రీ దాకా తెలుగు మీడియం, సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాస్తే ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. హిస్టరీ సీటు వచ్చింది. హాస్టల్, మెస్, లైబ్రరీ ఎలా ఉంటాయో చెప్పేవాళ్లు లేరు. ఇంగ్లీషంటే టెన్షన్. అక్కడ ఎప్పుడూ ధర్నాలేనని టీవీలో చూసి మీ నాన్నగారు వద్దంటున్నారు, పంపినా క్యాంపస్‌లో కాకుండా బయట ప్రైవేట్ హాస్టల్లో ఉండమంటున్నారు. లేదంటే జిల్లాలోనే ఎక్కడో ఒకచోట పీజీ చేసుకోమంటున్నారు.

సీటు వదులుకోకు. చేరు. క్యాంపస్ హాస్టల్లోనే ఉండు, ముఖ్యంగా మొదటి ఏడాది. బయట ఉండి చదివితే డిగ్రీ వస్తుంది కానీ ఆ యూనివర్సిటీ నీకు రాదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఇబ్బందులు కూడా దాచకుండా రాస్తాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నేను 2004లో అక్కడ ఎం.ఏ. హిస్టరీలో చేరాను. అది అయ్యాక రెండేళ్లు ప్రైవేట్ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మళ్లీ పీహెచ్‌డీకి వెళ్లి 2013 దాకా ఆ క్యాంపస్‌లోనే ఉన్నాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పని చేస్తున్నాను. ప్రతి ఏడాదీ మా పిల్లలు ఇద్దరో ముగ్గురో అక్కడ చేరుతుంటారు, వాళ్ల ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి కాబట్టి నా కాలం మాటలే కాదు, ఇప్పటి మాటలు కూడా కొన్ని తెలుసు.

బయట హాస్టల్ గురించి

నేను చేరినప్పుడు మా ఇంట్లో కూడా మీ నాన్నగారు అన్న మాటే అన్నారు. బయట ఒక ప్రైవేట్ హాస్టల్లో మూడు నెలల అద్దె అడ్వాన్సుగా కట్టించుకున్నారు. ఐదు వారాలకే నాకు క్యాంపస్‌లో సీటు వచ్చింది, కట్టిన డబ్బు ఒక్క రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు. మా నాన్న పత్తి అమ్మిన డబ్బు అది. అందుకే ఈ మాట అందరికీ చెబుతాను: పీజీ అడ్మిషన్ అయిన రోజే హాస్టల్ గది దొరకదు. కౌన్సెలింగ్ విడతలు విడతలుగా జరుగుతుంది, హాస్టల్ కేటాయింపు ఆ తర్వాత వస్తుంది. మధ్యలో కొన్ని వారాల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీకి మాత్రమే బయట ఉండాలి, నెల అద్దెకు మించి ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. తెలిసిన వాళ్ల ఇల్లు ఉంటే ఇంకా మంచిది. విద్యానగర్, తార్నాక, నల్లకుంట, హబ్సిగూడ, ఈ నాలుగింట్లో ఎక్కడున్నా కాలేజీకి దగ్గరే.

ఆ ఐదు వారాల్లో నేను ఏం పోగొట్టుకున్నానో తర్వాత తెలిసింది. క్లాసు అయిపోగానే బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని. సాయంత్రం అక్కడేం జరుగుతుందో తెలియదు, లైబ్రరీ కార్డు తీసుకోలేదు, మా డిపార్ట్‌మెంట్ సీనియర్లు ఒక్కరూ పరిచయం కాలేదు. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే నా పక్క మంచం అమ్మాయి, లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) చదివేది, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి లైబ్రరీ కార్డు చేయించింది. ఆ లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టినదని, ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా ఆయన మాట వింటుందని నాకు చెప్పింది కూడా ఆమే. నేను హిస్టరీ విద్యార్థిని, ఒక ఊరి పేరు చూసి అందులో పాత మాట ఏముందో వెతకాలన్న సంగతి ఆ గదిలో రాత్రి పదకొండింటికి నేర్చుకున్నాను, క్లాసులో కాదు. ఇంకో రూమ్‌మేట్ ఎకనామిక్స్, ఇంకొకామె సంస్కృతం. ఇలాంటి కలయిక బయట దొరకదు. అక్కడ ఉండేది ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, కోచింగ్ వాళ్లు, ఎవరి గోల వాళ్లది.

హాస్టల్, మెస్, డబ్బు లెక్క

గది పంచుకోవాలి, ఒంటరి గది ఆశించకు. కప్‌బోర్డుకు తాళం నీదే తెచ్చుకో. బకెట్టు, దుప్పటి, ఎక్స్‌టెన్షన్ బాక్సు, టేబుల్ మీద పెట్టుకునే చిన్న లైటు తప్పనిసరి, ఎందుకంటే అందరూ ఒకే టైముకు పడుకోరు.

మెస్ భోజనం వందల మందికి కలిపి వండే వంట. ఇంటి వంటలా ఉండదు. అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ, వారంలో కొన్ని రోజులు గుడ్డు, చికెన్. పచ్చడి సీసా ఇంటి నుంచి తెచ్చుకుంటే చాలా రోజులు గడుస్తాయి, మా గదిలో నాలుగు జిల్లాల పచ్చళ్లు ఉండేవి. కడుపులో బాగా లేకపోతే పట్టుదలకు పోయి తినకు, క్యాంపస్‌లోనే హెల్త్ సెంటర్ ఉంది, వెళ్లి చూపించుకో.

డబ్బు విషయం మాత్రం జాగ్రత్తగా విను. స్కాలర్‌షిప్ రెండు భాగాలు. ట్యూషన్ ఫీజు కోసం ఇచ్చేదాన్ని ఆర్‌టీఎఫ్ అంటారు, తిండికి, ఖర్చులకు ఇచ్చేదాన్ని ఎంటీఎఫ్ అంటారు. రెండూ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి. కొత్త పిల్లలు చాలామంది ఇది ఆటోమేటిక్‌గా వస్తుందనుకుంటారు, రాదు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ఊరి నుంచి బయలుదేరే ముందే మీసేవలో తీసుకో. ఆదాయ పత్రం పాతది పనికిరాదు, కొత్తది కావాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, పదో తరగతి మెమో, ఈ మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకో. ఒక అక్షరం తేడా ఉన్నా నెలలు తిరగాలి. మా విద్యార్థి ఒకడి పేరులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండడంతో ఏడాదంతా ఆ పని మీదే తిరిగాడు.

ఇంకొకటి, హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. పీజీలో హాజరు ఎవరు చూస్తారులే అని సీనియర్లు చెబితే నమ్మకు.

మెస్ బిల్లు నెలనెలా నీ పేరు మీద పడుతుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా బిల్లు ఆగదు. కాబట్టి కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రా. కట్టిన ప్రతి రశీదునూ ఒక ఫైల్లో పెట్టు, ఫోటో కూడా తీసి ఉంచు. రెండేళ్ల తర్వాత సర్టిఫికెట్లు చేతికి రావాలంటే హాస్టల్, లైబ్రరీ, డిపార్ట్‌మెంట్, అన్నిచోట్లా నో డ్యూస్, అంటే బాకీ ఏమీ లేదన్న సంతకాలు కావాలి. ఆ రోజు ఆ ఫైల్ నీకు ఎంత పని చేస్తుందో అప్పుడు తెలుస్తుంది.

నాన్ బోర్డర్ అనే మాట వింటావు. అంటే హాస్టల్లో సీటు లేకపోయినా స్నేహితుల గదిలో ఉండేవాళ్లు. ఊరి నుంచి ఎవరో తెలిసినవాళ్లు వచ్చి నెల రోజులు నీ గదిలో ఉంటామంటే మొహమాటపడతావు. ఒకటి రెండు రోజులు సరే, అంతకు మించితే రూమ్‌మేట్లకు కష్టం. ముందే నెమ్మదిగా చెప్పేయ్.

ఆ బిల్డింగ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే నువ్వు హిస్టరీ విద్యార్థివి

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడింది, మొదట గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాల్లో నడిచింది. ఇప్పుడు ఫోటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో శంకుస్థాపన చేశారు, 1939 డిసెంబరులో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాలు తిరిగి యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. ఈజిప్టులో పెద్ద కట్టడాలు కట్టిన ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్ట్‌ను అలా వెతికి పట్టుకున్నారు.

మొదటి రోజు మెట్లెక్కి లోపలికి వెళ్లేటప్పుడు ఆగి చూడు. కింద స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహల్లో చూసే పనితనం, వాటి మీద లేచే కమానులు ఇస్లామిక్ పద్ధతి. రాయి మాత్రం మన గులాబీ రంగు గ్రానైటు. లోపల మధ్య హాల్లో నిలబడి తల ఎత్తు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ వరండాల్లో చల్లగా ఉంటుంది, ఎంత మందపు గోడలో, ఎంత ఎత్తు కప్పో అర్థమవుతుంది. పాఠ్యపుస్తకంలో దక్కన్ శైలి అని ఒక లైను చదివి మార్కులు తెచ్చుకుంటాం, ఇక్కడ నువ్వు ఆ లైనులో కూర్చుని చదువుతావు.

క్యాంపస్ నేల కూడా పాతదే. ఆదిక్‌మెట్ ప్రాంతంలో మహ్ లఖా బాయి చందాకు జాగీరు ఉండేది. పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టిన ఉర్దూ కవయిత్రి ఆమె, నిజాం దర్బారులో గొప్ప స్థానం ఉన్న స్త్రీ. పక్కనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) క్యాంపస్‌లో ఆమె కాలం నాటి బావి ఉంది. సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. సీనియర్లను అడిగితే తీసుకెళ్తారు.

లైబ్రరీ: అసలు సంగతి ఇదే

మెయిన్ లైబ్రరీకి వెళ్తే మొదట నీకు కనిపించేది పోటీ పరీక్షల పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్న వందల మంది. గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ, నెట్. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని రాత్రి దాకా కదలరు. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను, ఇళ్లలో పరిస్థితి అలాంటిది, ఆ కుర్చీల్లోంచి లేచి వెళ్లిన వాళ్లు ఎంతోమంది ఈరోజు రాష్ట్రమంతా ఉద్యోగాల్లో ఉన్నారు. నువ్వు కూడా పోటీ పరీక్షలు రాయి. కానీ ఒక బాధ మాత్రం నాలో ఉంది. చాలామంది పిల్లలు ఎం.ఏ. సీటును హాస్టల్ కోసం, హాస్టల్‌ను కోచింగ్ కోసం వాడుకుని, ఆ లైబ్రరీలో అరల మధ్యకు ఒక్కసారి కూడా వెళ్లకుండా రెండేళ్లు పూర్తి చేస్తున్నారు. వాళ్లు తెచ్చుకున్న గైడు పుస్తకం ఎక్కడైనా చదవొచ్చు. ఆ అరల్లో ఉన్నది ఎక్కడా దొరకదు.

ఏముందో చెబుతాను. ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేశావా? చాలావాటి మొదట్లో ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ అనే చీటీ, కాల్ నంబరు, తీసుకున్న తేదీకల్లా తిరిగి ఇవ్వాలన్న వాక్యం కనిపిస్తాయి. ఆ స్కాన్ చేసిన పుస్తకాలు ఈ లైబ్రరీవే. ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న తెలుగువాళ్లు ఫోన్లో చదువుతున్న పుస్తకం అసలు ప్రతి నీ హాస్టల్‌కు నడక దూరంలో ఉంటుంది. తాళపత్ర గ్రంథాలు, కాగితపు రాతప్రతులు ఉన్నాయి, తెలుగు, సంస్కృతం, పర్షియన్, అరబిక్, ఉర్దూ భాషల్లో. పాత పీహెచ్‌డీ థీసిస్‌ల విభాగం ఉంది. హిస్టరీ పిల్లలకు నేను చెప్పేది, మొదటి నెలలోనే థీసిస్‌ల విభాగానికి వెళ్లి మీ జిల్లా మీద ఎవరెవరు పని చేశారో చూసి రా. నీకు సబ్జెక్టు మీద ఇష్టం కలగడానికి అంతకంటే దగ్గర దారి నాకు తెలియదు. మనం పుట్టిన ఊరి చెరువు గురించి, మన తాతలు కట్టిన శిస్తు గురించి ఎవరో నాలుగేళ్లు కూర్చుని రాశారని చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

కార్డు వచ్చాక వారానికి ఒక్క పుస్తకమైనా సిలబస్‌తో సంబంధం లేనిది తీసుకో. పూర్తిగా చదవకపోయినా సరే. లైబ్రరీ సిబ్బందిని పలకరించు, పేరు చెప్పుకో, ఏం వెతుకుతున్నావో చెప్పు. నాకు పీహెచ్‌డీలో కావలసిన ఒక పాత నివేదిక కేటలాగులో ఎంత వెతికినా దొరకలేదు. అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నేరుగా వెళ్లి పది నిమిషాల్లో తెచ్చి చేతిలో పెట్టారు.

క్యాంపస్ బయట ఉన్నవి కూడా నీ కాలేజీ సౌకర్యాలే

హాస్టల్, మెస్ అడిగావు కానీ నువ్వు అడగనిదే నీకు అన్నిటికంటే ముఖ్యం. ప్రభుత్వ పాత పత్రాలు భద్రపరిచే రాష్ట్ర కార్యాలయం, స్టేట్ ఆర్కైవ్స్ అంటాం, తార్నాకలో ఉంది. నీ హాస్టల్ నుంచి సైకిల్ మీద వెళ్లొచ్చు. మొఘల్ కాలం నుంచి, అంటే షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ కాగితాల నుంచి నిజాం ప్రభుత్వ ఫైళ్ల దాకా అక్కడే ఉన్నాయి. దేశవిదేశాల నుంచి స్కాలర్లు విమానం ఎక్కి వచ్చి ఆ ఫైళ్లు చూసి వెళ్తారు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ ఉంది, విద్యానగర్ దాటితే వచ్చేస్తుంది. అఫ్జల్‌గంజ్‌లో ఒకప్పటి ఆసఫియా, ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం, నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం మనవాళ్లు పడ్డ తపనకు గుర్తు అది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా రాతప్రతుల లైబ్రరీ ఉంది.

నీది వనపర్తి. ఒకప్పుడు అది సంస్థానం. ఆ రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, నువ్వు చిన్నప్పటి నుంచి దాని ముందు నుంచే తిరిగి ఉంటావు. గద్వాల, ఆత్మకూరు, జటప్రోలు, ఇవన్నీ మీ చుట్టుపక్కలవే. ఎం.ఏ.లో సెమినార్ పేపరో ప్రాజెక్టో రాయాల్సి వచ్చినప్పుడు అందరూ ఇంటర్నెట్ చూసి రాసే అంశం తీసుకోకుండా మీ సంస్థానం మీద ఒక చిన్న ప్రశ్న తీసుకో. ఒక ఊరి బడి ఎప్పుడు మొదలైంది, ఒక చెరువు ఎవరు తవ్వించారు, అంత చిన్నది చాలు. ఊర్లో ముసలివాళ్లను అడగడానికి నీకు మాట వచ్చు, కాగితాలు చూడడానికి తార్నాక దగ్గర. ఈ రెండూ కలిసిన విద్యార్థులు చాలా తక్కువ.

జిల్లాలో పీజీ చేయడం తక్కువని నేను అనను. ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేక నువ్వు దగ్గర ఉండాల్సి వస్తే అదే మంచి నిర్ణయం. కానీ కేవలం భయం వల్ల అయితే మాత్రం వద్దు.

ఇంగ్లీషు

నేనూ డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మొదటి సెమిస్టర్ క్లాసులో సగం అర్థమయ్యేది కాదు, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. నాకు పనిచేసిన పద్ధతి చెబుతాను. ప్రతి పేపర్‌కూ ముందు తెలుగులో ఒక మంచి పుస్తకం చదివి కథ అంతా తలకెక్కించుకునేదాన్ని, ఆ తర్వాత అదే పాఠం ఇంగ్లీషులో చదివేదాన్ని. విషయం ముందే తెలుసు కాబట్టి భాష మీద మాత్రమే కష్టపడితే సరిపోయేది. రోజూ రాత్రి ఒక పేజీ సొంతంగా రాసి ఇంగ్లీషు లిటరేచర్ చదివే స్నేహితురాలికి చూపించేదాన్ని. మూడో సెమిస్టర్ నాటికి భయం పోయింది. పరీక్ష ఏ భాషలో రాయొచ్చు అన్నది మాత్రం చేరిన వారంలోనే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి తెలుసుకో, సీనియర్ల మాట మీద ఉండిపోకు.

ఇంకో సంగతి కూడా తెలుసుకో. దేశంలో ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పడానికి పుట్టిన మొదటి యూనివర్సిటీ ఇది. 1917లోనే దారుల్ తర్జుమా అని అనువాదాల కోసం ఒక సంస్థ పెట్టి, సైన్సు, చరిత్ర, వైద్యం పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. 1948 తర్వాత మాధ్యమం ఇంగ్లీషుకు మారింది. అంటే ఈ కాలేజీలో తరతరాల పిల్లలు ఇంట్లో ఒక భాష, క్లాసులో ఇంకో భాషతోనే చదివారు. సిరిసిల్ల వైపు పల్లె నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయనకు ఎదురైన గోడే నీకూ ఎదురైంది, వేరే వైపు నుంచి.

ధర్నాలు, గొడవలు: మీ నాన్నగారి కోసం

ఈ భాగం మీ నాన్నగారికి చదివి వినిపించు.

అయ్యా, ఆర్ట్స్ కాలేజీ ముందు సభలు, ధర్నాలు జరగడం నిజం. ఈరోజు మొదలైంది కాదు. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు పిల్లల్ని బయటికి పంపారు. వరంగల్ కాలేజీలో చదువుతున్న పి.వి. నరసింహారావు గారి చదువు కూడా ఆ ఉద్యమంలోనే ఆగింది, నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. 1969 తెలంగాణ ఉద్యమం సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2009 డిసెంబరులో మళ్లీ తెలంగాణ ఉద్యమం ఎగిసినప్పుడు, 2010 జనవరి 3న విద్యార్థి గర్జన సభ జరిగినప్పుడు నేను అక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ రోజుల్లో పరీక్షల తేదీలు మారాయి, ఇంట్లో వాళ్లు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాళ్లు. అది రాష్ట్రమంతా కదిలిన కాలం. మామూలు రోజుల్లో టీవీలో కనిపించేది భవనం ముందు ఒక గంట, కొన్ని పదుల మంది. అదే సమయంలో లోపల క్లాసులు జరుగుతుంటాయి. అమ్మాయిల హాస్టల్ వేరుగా ఉంటుంది, రావడానికి పోవడానికి టైము ఉంటుంది, సంతకం పెట్టాలి.

చెల్లీ, నీకు నా సలహా: ఏ విద్యార్థి సంఘం వాళ్లు వచ్చినా మర్యాదగా విను, మొదటి సెమిస్టర్ అయ్యేదాకా ఎవరి సభ్యత్వమూ తీసుకోకు. ఆ తర్వాత నీకు నచ్చిన విషయం మీద మాట్లాడు, నిలబడు, అది నీ హక్కు. హాస్టల్లో నీళ్లు రాకపోయినా, ఫీజు పెరిగినా మాట్లాడేది అక్కడి పిల్లలే. నేను కూడా మెట్ల మీద కూర్చున్నాను, ఒక్క సెమిస్టర్ కూడా తప్పలేదు. సభ ఉన్న రోజు గుంపు మధ్యలోంచి కాకుండా పక్క వరండా నుంచి డిపార్ట్‌మెంట్‌కు వెళ్లడం రెండు వారాల్లో అలవాటైపోతుంది. చీకటి పడ్డాక క్యాంపస్‌లో చెట్లు దట్టంగా ఉన్న దారుల్లో ఒంటరిగా నడవకు, లైబ్రరీ నుంచి నలుగురైదుగురు కలిసి రండి. స్నేహితులు కావడానికి కూడా అది మంచి దారి.

రాకపోకలు, మిగతావి

మీ వైపు నుంచి రైల్లో వస్తే కాచిగూడలో దిగి ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైలు) ఎక్కొచ్చు. విద్యానగర్ తర్వాత జామై ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ, యూనివర్సిటీ పేరుతోనే రెండు స్టేషన్లు ఉన్నాయి. ఎంఎంటీఎస్ టైములు చూసుకోవాలి, గంటల తరబడి ఉండదు ఒక్కోసారి. బస్సులో వస్తే ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి సిటీ బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు కాబట్టి ఆధార్ దగ్గర పెట్టుకుంటే ఇంటికి వెళ్లి రావడానికి ఖర్చు లేదు. మా రోజుల్లో దసరాకు, సంక్రాంతికి తప్ప ఇంటికి వెళ్లేవాళ్లం కాదు, చార్జీలకే భయపడి. మెట్రో అయితే తార్నాకలో దిగాలి.

ఆటలు ఇష్టమైతే గ్రౌండ్లు బోలెడు, 2002 జాతీయ క్రీడలకు కట్టిన సైకిల్ వెలోడ్రోమ్ కూడా క్యాంపస్‌లోనే ఉంది. పొద్దున్నే నడవడానికి వెళ్తే చెట్ల మధ్య నెమళ్లు కనిపిస్తాయి. కొంతమంది అమ్మాయిలు మొదటి రెండు నెలల్లో బెంగపడి ఇంటికి వెళ్లిపోతామంటారు, నేను కూడా అన్నాను. వాళ్లందరికీ ఒకటే చెబుతాను, పొద్దున ఆరింటికి లేచి నడువు, మధ్యాహ్నం గదిలో ఒంటరిగా పడుకోకు.

చివరగా సైకిల్ తెచ్చుకోవాలా అని అడిగావు. తప్పకుండా తెచ్చుకో. హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి తార్నాకకు నడిస్తే రోజూ గంటకు పైగా పోతుంది. పాతదైనా పరవాలేదు, తాళం మాత్రం గట్టిది కొను. ఆర్కైవ్స్‌కు వెళ్లే ముందు డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర ఉత్తరం రాయించుకుని, ఆధార్ జిరాక్సు, పెన్సిల్ తీసుకెళ్లు. పాత కాగితాల దగ్గర పెన్ను ఒద్దంటారు.